కోడిపిల్ల తినేదెంత, అరిగించుకునేదెంత

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుందామని పిల్లలను తెచ్చుకున్నవారికి మొదటి వారంలో ఎదురయ్యే కష్టం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మేత ముందరే ఉంటుంది, నీళ్లూ ఉంటాయి, అయినా మూడో రోజుకో నాలుగో రోజుకో ఒకటి రెండు పిల్లలు రెక్కలు వాల్చేసి, కళ్లు మూసుకుని మూలన నిలబడిపోతాయి. దాణా మంచిది కాదేమోనని వెంటనే మార్చేవారు కొందరు, నీళ్లలో ఏదో ఒక టానిక్ కలిపేవారు కొందరు. చాలాసార్లు లోపం దాణాలో ఉండదు. గుడ్డులోంచి బయటపడే నాటికి కోడిపిల్లకు కాళ్లు, కళ్లు, ముక్కు అన్నీ సిద్ధంగానే ఉంటాయి కానీ పేగు ఇంకా తయారవుతూనే ఉంటుంది. ఆ తర్వాతి రెండు వారాల్లో అది పెరిగి పూర్తి రూపానికి వస్తుంది. వెచ్చదనం, నీరు, మేత సమయానికి, సరైన వరుసలో అందితేనే ఆ పెరుగుదల సవ్యంగా సాగుతుంది. అందువల్ల ఏ దాణా పెట్టాలని అడిగేముందు, పెట్టినదాన్ని లోపల ఏ అవయవం, ఏ దశలో అందుకుంటుందో తెలుసుకోవడం అవసరం.

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. పెంకు పగలడానికి కాస్త ముందు, అంటే 19, 20 రోజుల ప్రాంతంలో, మిగిలి ఉన్న పచ్చసొన సంచి మొత్తం బొడ్డు దారిన పిల్ల కడుపులోకి వెళ్లిపోతుంది. బయటికి వచ్చాక రెండు మూడు రోజులు మేత దొరకకపోయినా పిల్ల బతకగలిగేది ఈ నిల్వ వల్లనే. పొదుగు పెట్ట కింద ఉన్న గుడ్లన్నీ ఒకే గడియలో పిల్లలు కావు కాబట్టి, ముందు పుట్టిన పిల్ల చివరి గుడ్డు పగిలేదాకా తల్లి రెక్కల కిందే ఆగడానికి ఈ ఏర్పాటు పనికివస్తుంది. హేచరీలు, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే కేంద్రాలు, ఒక రోజు వయసు పిల్లలను అట్టపెట్టెల్లో దూరప్రాంతాలకు పంపగలగడం కూడా దీనిమీద ఆధారపడినదే.

అయితే దీన్నుంచే ఒక అపోహ పుట్టింది. కడుపులో పచ్చసొన ఉంది గనుక మూడు రోజులు మేత పెట్టకపోయినా నష్టం లేదని, పైగా ఆ పచ్చసొన పూర్తిగా ఇంకిన తర్వాతే మేత పెట్టాలని చెప్పేవారున్నారు. జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. మేత తిన్న పిల్లలోనే పచ్చసొన త్వరగా ఖర్చవుతుంది. మేత లోపలికి వెళ్లగానే పేగు కదలడం మొదలవుతుంది, ఆ కదలికతో పచ్చసొన సంచిలోని పదార్థం చిన్న కాడ వంటి దారిగుండా పేగులోకి చేరి అరుగుతుంది. పస్తున్న పిల్లలో అది నెమ్మదిగా, రక్తంలోకి మాత్రమే ఇంకుతూ ఉండిపోతుంది. పైగా పచ్చసొన వట్టి ఇంధనం కాదు. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక ప్రతిరక్షకాలు అందులో ఉంటాయి, మొదటి రెండు మూడు వారాలు పిల్లను కాపాడేవి అవే. ఆకలితో ఉన్న పిల్ల పచ్చసొనను శక్తికోసం కాల్చుకుంటుంటే ఆ రక్షణ సామగ్రి కూడా కొంత దానితోపాటు ఖర్చయిపోయే ప్రమాదం ఉంది.

ఇంకొక కారణం పేగు గోడల్లో ఉంది. చిన్నపేగు లోపలి గోడ మీద చూషకాలు అనే వేలకొద్దీ సన్నని మొలకలు ఉంటాయి, పోషకాలు రక్తంలోకి చేరేది వాటి గుండానే. పుట్టిన నాటికి అవి పొట్టిగా, పలచగా ఉంటాయి. మొదటి వారం పది రోజుల్లో చిన్నపేగు మిగతా శరీరంకంటే వేగంగా పెరుగుతుంది, మేత తగలడమే ఆ పెరుగుదలను పురికొల్పుతుంది. ఒకటి రెండు రోజులు మేత ఆలస్యమైతే చూషకాలు పొట్టిగా ఉండిపోతాయి, ఆ వెనకబాటు తర్వాతి వారాల బరువులో కనిపిస్తుంది. బతికే ఉంది కదా అని తృప్తిపడితే ఈ నష్టం కంటికి ఆనదు. పిల్లలు ఇంటికి చేరిన గంటల్లోనే నీళ్లు, ఆ వెంటనే మేత అందించాలనడానికి ఇదే ఆధారం.

కానీ నీళ్లకంటే, మేతకంటే ముందు వెచ్చదనం కావాలి. కోడిపిల్ల మొదటి రోజుల్లో తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు, ఒంటి మీద ఉన్నది నూగు మాత్రమే, ఈకలు కావు. చలి వేస్తే అది మేత దగ్గరికి వెళ్లదు, తోటి పిల్లల మీద ఎక్కి గుంపుగా ముడుచుకుంటుంది. చలిలో పేగు కదలిక కూడా మందగించి పచ్చసొన సరిగా ఇంకదు. వేడి మరీ ఎక్కువైతే రెక్కలు విడదీసి, నోరు తెరిచి రొప్పుతుంది, నీళ్లు మాత్రం తాగుతుంది, మేత మానేస్తుంది. బ్రూడర్‌లో, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే గూటిలో, బల్బు కింద పిల్లల వీపు ఎత్తులో మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉంచి, ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవడం వాడుకలో ఉన్న పద్ధతి. థర్మామీటర్ ఉన్నా, పిల్లలు ఎక్కడ పడుకుంటున్నాయో చూడటం దానికంటే నమ్మదగిన కొలత అని నా అభిప్రాయం. బల్బు కిందే కుప్పపడితే చలి, గోడల వెంట చేరితే వేడి, అంతటా చెదిరి కొన్ని తింటూ కొన్ని నిద్రపోతూ ఉంటే వేడి సరిపోయినట్టు. అందుకే బ్రూడర్‌లో ఒక చివర వెచ్చగా, మరో చివర చల్లగా ఉండాలి. తనకు కావలసిన చోటును పిల్ల తానే వెతుక్కుంటుంది.

నీళ్ల విషయానికి వస్తే, సాధారణ వాతావరణంలో కోడిపిల్ల తిన్న మేత బరువుకు సుమారు రెండింతల బరువు నీళ్లు తాగుతుంది, ఎండ పెరిగితే ఇంకా ఎక్కువ. నీరు లేకుండా పొడి దాణా, మింగిన మేత ముందుగా నిలిచే మేతసంచిలోనే గడ్డకడుతుంది. ప్రయాణం చేసి వచ్చిన పిల్లలకు ముందు నీళ్లు చూపించి, ఒక్కొక్కదాని ముక్కు కొనను ఒకసారి నీటిలో ముంచితే చాలు, ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. ముంచేటప్పుడు ముక్కు రంధ్రాలు మునగకుండా చూడాలి. నీళ్లు మరీ చల్లగా ఉండకూడదు, పళ్లెం లోతుగా ఉండకూడదు. లోతు తప్పకపోతే గులకరాళ్లో గోళీలో వేస్తే పిల్లలు అందులో పడి తడవవు. తడిసిన పిల్ల నిమిషాల్లో చలిబారిపోతుంది. బ్రూడర్ వేడిలో నీళ్లలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి కాబట్టి రోజుకు కనీసం రెండుసార్లు పాత్ర కడిగి నీళ్లు మార్చాలి. ప్రయాణపు బడలికతో వచ్చిన పిల్లలకు మొదటి రోజు ఎలక్ట్రోలైట్ కలిపిన నీళ్లు మేలు చేస్తాయి, కానీ దాన్ని రోజుల తరబడి కొనసాగిస్తే లవణాలు ఎక్కువై రెట్ట పలచబడుతుంది.

తినడం కూడా కోడిపిల్ల కొంత నేర్చుకోవలసిన విద్యే. కింద కనిపించే చిన్న నలుసును పొడవడం పుట్టుకతో వస్తుంది, ఏ నలుసు తినదగిందో పుట్టుకతో తెలియదు. తల్లికోడి గింజను ముక్కుతో ఎత్తి, కిందపడేసి, ప్రత్యేకమైన కూతతో పిల్లలను పిలిచి చూపిస్తుంది. బ్రూడర్‌లో ఆ పని మనం చేయాలి. మొదటి రెండు మూడు రోజులు కాలు జారని ముతక కాగితం పరిచి దానిమీద దాణా చల్లి, వేలి కొనతో టకటకమని తడితే పిల్లలు పరుగున వచ్చి పొడుస్తాయి. కాగితం పరచడానికి మరో కారణమూ ఉంది. మేత రుచి తెలియని పిల్లలు కింద పోసిన రంపపు పొట్టును తిని మేతసంచి నింపుకుంటాయి. నున్నటి వార్తాపత్రిక మాత్రం వద్దు. దానిమీద కాళ్లు జారి పక్కలకు విడిపోయి, ఆ వయసులోనే కాళ్లు వంకర తిరుగుతాయి.

పిల్ల తిన్నదో లేదో తెలుసుకోవడానికి దాణా పళ్లెం చూడటంకంటే పిల్లను పట్టుకుని చూడటం మేలు. మెడ మొదట, రొమ్ముకు కాస్త కుడివైపున చర్మం కిందే మేతసంచి ఉంటుంది. సాయంత్రం రెండు వేళ్లతో మెల్లగా తాకితే అది గుండ్రంగా, మెత్తగా, కాస్త సాగుతున్నట్టు తగలాలి. గట్టిగా, లోపల దాణా పలుకులు చేతికి తెలుస్తూ ఉంటే మేత తిన్నది కానీ నీళ్లు చాలలేదు. నీటి బుడగలా ఊగుతుంటే నీళ్లు తాగింది కానీ మేత దొరకలేదు, లేదా దానికి మేత కనిపించలేదు. ఇంటికి తెచ్చిన 24 గంటలకు దాదాపు అన్ని పిల్లల మేతసంచులు నిండి ఉండాలి. ఖాళీగా ఉన్నవాటిని ఆ రోజే గుర్తించి విడిగా నీళ్లు, మేత చూపించాలి, మర్నాటికి వాయిదా వేస్తే అవి నిలబడలేని స్థితికి వస్తాయి.

మేతసంచి గోదాము మాత్రమే, అక్కడ మేత నాని మెత్తబడుతుంది. అసలు జీర్ణక్రియ ఆ తర్వాత మొదలవుతుంది. మేత ముందు గ్రంథిజఠరంలోకి చేరుతుంది. మన కడుపులో లాగే అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ ఊరి మేతతో కలుస్తాయి. దాని వెంటనే కందనకాయ ఉంటుంది. పళ్లు లేని పక్షికి నమిలే పని చేసిపెట్టేది కందనకాయే. ఎదురెదురుగా ఉన్న రెండు జతల దట్టమైన కండరాలు నిమిషానికి రెండు మూడుసార్లు బిగిసి వదులుతూ, లోపలున్నదాన్ని తిరగలిలా నూరుతాయి. 18వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త లజారో స్పల్లంజాని సూదులు గుచ్చిన సీసపు గుండ్లను టర్కీ కోళ్లచేత మింగించి చూస్తే, సూదులు విరిగిపోయాయి గానీ కందనకాయకు గాయం కాలేదు. కందనకాయను కోసి శుభ్రం చేసేటప్పుడు ఒలిచి పారేసే గట్టి పసుపుపచ్చ పొరే లోపలి కండను ఆ రాపిడి నుంచి, ఆమ్లం నుంచి కాపాడుతుంది. కొంత మేత కందనకాయ నుంచి మళ్లీ గ్రంథిజఠరంలోకి వెనక్కి వెళ్లి, ఆమ్లంతో తడిసి, తిరిగి వస్తుంది. ఈ ముందువెనకల నడక ఎంత బాగా సాగితే మేత అంత మెత్తగా నలిగి పేగులోకి చేరుతుంది.

ఇక్కడే గ్రిట్ గురించిన గందరగోళాన్ని విడదీయాలి, ఎందుకంటే ఒకే పేరుతో రెండు వేరు వస్తువులు వాడుకలో ఉన్నాయి. ఒకటి గ్రానైట్ వంటి కరగని రాతి పలుకులు. ఇవి కందనకాయలో ఉండి గింజలను నూరడానికి తోడ్పడతాయి, పోషకంగా వాటికి విలువ లేదు. రెండోది ఆల్చిప్పల పొడి, సున్నపురాయి పలుకులు వంటివి. ఇవి ఆమ్లంలో కరిగి కాల్షియంగా మారిపోతాయి, నూరడానికి నిలవవు. మొదటిది జీర్ణక్రియకు, రెండోది గుడ్డు పెంకుకు. కోడిపిల్ల గుడ్లు పెట్టదు కాబట్టి రెండోదానితో దానికి పనిలేదు, ఉంటే హాని. ఇక మొదటిది కూడా ఎప్పుడు కావాలి? పిల్ల తింటున్నది పొడి దాణా లేదా క్రంబుల్ (చిన్న పలుకులుగా చేసిన దాణా) మాత్రమే అయితే రాతి పలుకులు అక్కర్లేదు, అది నీటిలో మెత్తబడి సులువుగా నలుగుతుంది. గింజలు, గడ్డి, పురుగులు మొదలుపెట్టినప్పుడు మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండే పలుకులను చిన్న పళ్లెంలో విడిగా పెట్టాలి. దాణాలో కలిపేస్తే ఆకలిగా ఉన్న పిల్ల మేతకు బదులు రాళ్లతోనే కడుపు నింపుకుంటుంది. నేల మీద తిరిగి గీరుకునే పిల్లలు వీటిని తామే ఏరుకుంటాయి.

కందనకాయ దాటిన మేత చిన్నపేగులో క్లోమరసంతో, కాలేయం నుంచి వచ్చే పైత్యరసంతో కలుస్తుంది. పిండిపదార్థాన్ని అరిగించే శక్తి కోడిపిల్లకు మొదటి రోజుల నుంచే బాగా ఉంటుంది. కొవ్వును అరిగించే శక్తి మాత్రం నెమ్మదిగా వస్తుంది, పైత్య లవణాలూ కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైమూ తగినంతగా ఊరడానికి వారం రెండు వారాలు పడుతుంది. త్వరగా బలం వస్తుందని నూనె కలిపిన మేతను మొదటి వారంలోనే పెట్టేవారు ఈ సంగతి గమనించాలి. అరగని కొవ్వు రెట్టతో జిగటగా బయటికి వస్తుంది, తనతోపాటు కొవ్వులో కరిగే విటమిన్లను కొంత తీసుకుపోతుంది. పాలు పట్టడం కూడా ఇలాంటిదే. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ కోళ్లకు దాదాపు లేదు, ఎక్కువైతే పారుడు పట్టుకుంటుంది.

స్టార్టర్ దాణా అనే పేరుతో అమ్మేదానిలో గుడ్ల జాతి పిల్లలకు 18 నుంచి 20 శాతం ప్రోటీన్, మాంసం జాతి పిల్లలకు 20 నుంచి 23 శాతం వరకు ఉంటుంది. ఒక ధాన్యాన్ని మాత్రమే నూకలుగా చేసి పెడితే ఇందులో సగానికి అటూ ఇటుగా మాత్రమే ప్రోటీన్ అందుతుంది. శాతం ఒక్కటే చూసినా చాలదు. ఈకలు అల్లుకోవడానికి గంధకం ఉన్న మిథియోనిన్, కండ పెరగడానికి లైసిన్ తగినంత ఉండాలి, ధాన్యంలో ఇవి రెండూ తక్కువే. నూకలు తిని పెరిగిన పిల్ల కడుపునిండా తింటుంది, రెట్ట కూడా బాగానే వేస్తుంది, కానీ నెల తిరిగినా ఈకలు చిందరవందరగా, ఒళ్లు తేలికగా ఉంటుంది. ఆకలి తీరడానికీ పోషణ అందడానికీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా కనిపించే ప్రాణి మరొకటి అరుదు. పోషకాహార శాస్త్రంలో ఒక పెద్ద మలుపు కోళ్ల దొడ్డిలోనే మొదలైంది. 1890ల్లో జావా దీవిలో డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మాన్, పాలిష్ పట్టిన బియ్యపు అన్నం మాత్రమే తిన్న కోళ్లు కాళ్లు చచ్చుబడి పడిపోవడం, పాలిష్ పట్టని బియ్యానికి మార్చగానే కోలుకోవడం గమనించాడు. పాలిష్ పట్టినప్పుడు పోయే పై పొరలో ఉన్నది థయమిన్, అంటే బి1 విటమిన్ అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఇంట్లోనే దాణా కలుపుకోవాలనుకునేవారు మరో రెండు సంగతులు మరవకూడదు. పచ్చి సోయా గింజల్లో ప్రోటీన్ జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, దానివల్ల క్లోమం వాచి, ఎంత ప్రోటీన్ ఉన్నా పిల్లకు దక్కదు. తగిన వేడి తగిలిన సోయా పిండినే వాడాలి. బార్లీ, రై వంటి ధాన్యాల్లోని కొన్ని పీచు పదార్థాలు నీటితో కలిసి పేగులో జిగురుగా మారతాయి. పెద్దకోడి తట్టుకుంటుంది గానీ చిన్న పిల్ల పేగులో మేత కదలిక మందగించి, రెట్ట తోకకింద అంటుకుపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే పొరపాటు గుడ్లుపెట్టే కోళ్ల దాణాను పిల్లలకు పెట్టడం. ప్రోటీన్ శాతం దగ్గరదగ్గరగా ఉండటంతో రెండూ ఒకటేననిపిస్తుంది. తేడా కాల్షియంలో ఉంది. పిల్లల దాణాలో కాల్షియం ఒక శాతం ప్రాంతంలో ఉంటే, లేయర్ దాణాలో మూడున్నర నుంచి నాలుగున్నర శాతం ఉంటుంది. గుడ్డుపెట్టే కోడి ఆ కాల్షియాన్ని రోజూ పెంకులోకి పంపేస్తుంది. పిల్లకు ఆ దారి లేదు, మిగిలినదంతా మూత్రపిండాలే వడగట్టాలి. వారాల తరబడి ఇలా జరిగితే మూత్రపిండాలు దెబ్బతిని, యూరిక్ ఆమ్లం ఒంట్లో పేరుకుని, గుండె మీద, కాలేయం మీద సుద్ద పూసినట్టు తెల్లగా అంటుకుంటుంది. ఆ దశలో చేయగలిగింది పెద్దగా ఉండదు. పెద్దకోళ్లు, పిల్లలు ఒకే చోట తిరిగే పెరట్లో విడివిడిగా మేపడం కుదరకపోతే అందరికీ పిల్లల దాణానో ఎదిగే కోళ్ల దాణానో పెట్టి, ఆల్చిప్పల పొడిని పక్కన వేరే పాత్రలో ఉంచడం సురక్షితం. కాల్షియం అవసరమున్న కోడి దాన్ని వెతుక్కుని తింటుంది, పిల్లలు దాన్ని పెద్దగా పట్టించుకోవు.

పిల్లలకు ముద్దుగా పెట్టే చిరుతిళ్ల మీద నాకు కోపమేమీ లేదు, కానీ మొదటి రెండు వారాలు ఆగడం మంచిది. ఆ తర్వాత కూడా సన్నగా తరిగిన ఆకుకూర, ఉడికిన గుడ్డు, చిన్న పురుగులు రోజు మేతలో పదో వంతు మించకుండా ఉండాలి. పొడవాటి గడ్డిపోచలు మేతసంచిలో ఉండలా చుట్టుకుని దారి మూసేస్తాయి. ఉప్పు ఎక్కువున్న వంటకాలు, ఉడకని చిక్కుడు జాతి గింజలు, అవకాడో, చాక్లెట్ ఏ వయసులోనూ వద్దు.

చిన్న పిల్లల్లో తోకకింద రెట్ట గట్టిపడి మలద్వారం మూసుకుపోవడం తరచుగా కనిపిస్తుంది. వేడి ఎక్కువ కావడం, చలి, ప్రయాణపు అలసట, నీళ్లు చాలకపోవడం దీనికి ముఖ్య కారణాలు, దాణా మార్పు ఆ తర్వాతిది. గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో మెత్తబడేదాకా అద్ది, మెల్లగా తుడిచి, పిల్లను పూర్తిగా ఆరనిచ్చి బ్రూడర్‌లో వదలాలి. ఎండిన పెచ్చును లాగితే చర్మం ఊడివస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక చాలా ముఖ్యం: మలద్వారం తోకకు సరిగ్గా కిందే ఉంటుంది. అంతకంటే ముందుకు, కడుపు కింద కనిపించే నల్లటి చిన్న పెచ్చు బొడ్డు, పచ్చసొన లోపలికి వెళ్లిన దారి మూసుకున్న గుర్తు. దాన్ని రెట్ట అనుకుని గిల్లితే పేగులు బయటికి రావచ్చు, పచ్చసొన సంచికి క్రిములు చేరి పిల్ల చనిపోవచ్చు. రెండింటినీ గుర్తుపట్టడం రాకముందు పిల్లను శుభ్రం చేయడానికి పూనుకోకూడదు.

పేగు తయారవడంలో కంటికి కనిపించని మరో సగం సూక్ష్మజీవులది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఒక చివర మూసుకున్న రెండు సంచుల వంటి అంధనాళాలు ఉంటాయి, అరగకుండా మిగిలిన పీచు అక్కడ పులుస్తుంది. తల్లి వెంట తిరిగే పిల్ల, తల్లి రెట్ట పడిన నేలను గీరుతూ మంచి సూక్ష్మజీవులను మొదటి రోజే అందుకుంటుంది. ఇంక్యుబేటర్‌లో పుట్టిన పిల్లకు ఆ అవకాశం లేదు, దాని పేగు ఖాళీ నేలలాంటి స్థితిలో ఉండి, ముందుగా వచ్చిన క్రిమికి చోటిస్తుంది. 1973లో ఫిన్లాండ్ పరిశోధకులు నుర్మి, రంటలా ఆరోగ్యమైన పెద్దకోళ్ల పేగులోని సూక్ష్మజీవులను పిల్లలకు ముందే అందిస్తే సాల్మొనెల్లా నిలదొక్కుకోలేదని చూపించారు. కోళ్లకు వాడే ప్రోబయాటిక్‌ల వెనక ఉన్న ఆలోచన అదే. ఆరోగ్యంగా కనిపించే పిల్లల్లోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు కాబట్టి, వాటిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలు వాటిని ముద్దు పెట్టుకోకుండా చూడాలి.

మూడు నుంచి ఆరు వారాల వయసులో పిల్లలను ఎక్కువగా దెబ్బతీసేది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి పేగు గోడ కణాల్లో చేరి, పెరిగి, వాటిని పగలగొట్టి బయటికి వస్తుంది. రెట్టతో బయటపడిన దాని గుడ్ల వంటి దశ, తడి, వెచ్చదనం ఉన్న లిట్టర్‌లో (కింద పరిచిన పొట్టులో) ఒకటి రెండు రోజుల్లో రోగం కలిగించే స్థితికి వస్తుంది. దీన్నిబట్టి ఈ రోగంలో మొదటి మందు పొడి లిట్టర్ అని తెలుస్తుంది. నీళ్ల పాత్ర చుట్టూ తడిసిన పొట్టును ఏరోజుకారోజు తీసివేయడం ఖరీదైన మందుకు తక్కువేమీ కాదు. మందు కలిపిన దాణాల్లో తరచుగా వాడే ఆంప్రోలియం నిర్మాణంలో థయమిన్‌ను పోలి ఉంటుంది. పరాన్నజీవికి ఆ విటమిన్ అందకుండా అడ్డుపడి దాని పెరుగుదలను తగ్గిస్తుంది, పూర్తిగా నిర్మూలించదు. కొద్దికొద్దిగా తగిలే పరాన్నజీవి వల్ల పిల్లకు నిరోధకశక్తి వచ్చే వెసులుబాటు ఇందులో ఉంది. ఈ దాణా పెడుతూ బలానికని నీళ్లలో బి విటమిన్ మందు పోస్తే ఆంప్రోలియం పని తగ్గిపోతుంది. అలాగే హేచరీలో కాక్సిడియోసిస్ టీకా వేయించిన పిల్లలకు మందు కలిపిన దాణా పెట్టకూడదు, టీకాలో ఉన్నది బతికున్న పరాన్నజీవే కాబట్టి మందు దాన్ని అణచివేసి టీకాను వృథా చేస్తుంది. కొన్ని దాణాల్లో వాడే మోనెన్సిన్ వంటి మందులు గుర్రాలకు ప్రాణాంతకం, కనుక కోళ్ల దాణా బస్తా వాటికి అందకుండా ఉంచాలి. రెట్టలో రక్తం కనిపించి, పిల్లలు ముడుచుకు కూర్చుంటే ఆ రోజే పశువైద్యుని సలహా తీసుకోవాలి.

దాణా నిల్వ గురించి తక్కువ మాటల్లో చెప్పినా, దాని తీవ్రత తక్కువ కాదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు, ఎక్కువగా పిల్లలు, కారణం తెలియకుండా చనిపోయాయి. వాటి మేతలో కలిపిన వేరుశనగ చెక్కకు పట్టిన బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం వచ్చిందని తర్వాత తేలింది. ఎదుగుతున్న కాలేయాన్ని ఆ విషం త్వరగా దెబ్బతీస్తుంది. బూజు తీసేసినా, ఎండబెట్టినా విషం పోదు. ముక్కవాసన వచ్చిన, గడ్డకట్టిన దాణాను పిల్లలకు పెట్టకుండా పారేయాలి. గుడ్ల జాతి పిల్ల మొదటి ఆరు వారాల్లో తినేది మొత్తం మీద ఒక కిలోకు అటూ ఇటుగానే ఉంటుంది కాబట్టి, కొద్దిగా కొని తాజాగా వాడటం ఎవరికైనా సాధ్యమే.

లోపల ఏం జరుగుతున్నదో రోజూ చెప్పేది రెట్టే. పక్షులు మూత్రాన్ని విడిగా విసర్జించవు, మూత్రపిండాల నుంచి వచ్చే యూరిక్ ఆమ్లం అవస్కరం (మలమూత్రాలు రెండూ చేరే చివరి గది) దగ్గర మలంతో కలిసి తెల్లటి కొనగా బయటికి వస్తుంది. గోధుమ రంగో బూడిద రంగో ఉన్న గట్టి ముద్ద, దానిమీద తెల్లటి టోపీ ఉంటే అది ఆరోగ్యమైన రెట్ట. రోజుకు కొన్నిసార్లు ముదురు గోధుమ రంగులో, జిగటగా, తీవ్రమైన వాసనతో వచ్చేది అంధనాళాల నుంచి వచ్చిన రెట్ట. కొత్తవారు దీన్ని పారుడుగా భావించి మందు మొదలుపెడతారు, అది అనవసరం. అప్పుడప్పుడు నారింజ ఎరుపు రంగులో కనిపించే సన్నటి పొర పేగు లోపలి పొర రాలినది, పిల్ల చురుకుగా ఉంటే దానికీ కంగారు అక్కర్లేదు. మేత అరగకుండా పలుకులుగా కనిపించడం, నురగ, పూర్తిగా నీళ్లగా ఉండి గంటల తరబడి ఆగకపోవడం, రక్తం, వీటిలో ఏది కనిపించినా ముందు వేడి, నీళ్లు, లిట్టర్ తడి చూసి, ఆ తర్వాత దాణా సంగతి ఆలోచించాలి.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒంటినిండా ఈకలు వచ్చాక, గుడ్ల జాతి పిల్లలను 15 నుంచి 17 శాతం ప్రోటీన్ ఉన్న గ్రోయర్ దాణాకు మార్చాలి. ఒక్కరోజులో మార్చితే పేగులోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడేలోపు రెట్ట పలచబడుతుంది. అందువల్ల మొదటి రెండు మూడు రోజులు నాలుగింట ఒక వంతు, తర్వాత సగం, ఆ తర్వాత మూడు వంతులు కొత్త దాణా కలుపుతూ వారంలో పూర్తి చేయాలి. లేయర్ దాణా మొదటి గుడ్డు పెట్టే సమయం దగ్గరపడ్డాకే, అంటే సుమారు 18 వారాల తర్వాతే మొదలుకావాలి. అప్పటిదాకా కాల్షియం గ్రోయర్ దాణాలో ఉన్నంత చాలు.